సర్క్యూట్ బోర్డు డిజైన్‌కు మ్యాథ్స్, ఫిజిక్స్ ఎంత కావాలి?

బీటెక్‌లో చదివిన లెక్కలన్నీ ఎలక్ట్రానిక్స్ డిజైన్ ఉద్యోగంలో రోజూ వాడతామా అంటే, లేదు. చేత్తో ఇంటిగ్రేషన్ చేయాల్సిన పని దాదాపు రాదు, అది సిమ్యులేటర్ (సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూపే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది. రోజూ తగిలేది ఓమ్ సూత్రం, గుణకారాలే.

లీనియర్ రెగ్యులేటర్‌తో (ఎక్కువైన వోల్టేజీని వేడిగా వదిలేసే చిప్) 12 వోల్టులను 3.3కి దించి, 0.5 ఆంపియర్ తీసుకుంటున్నారనుకోండి. మిగిలిన 8.7ను 0.5తో గుణిస్తే 4.35 వాట్లు, అంతా వేడే. చిప్ వివరాలుండే డేటాషీట్‌లో ఒక్కో వాట్‌కు 50 డిగ్రీలు పెరుగుతుందని ఉంటే, వేడి 217 డిగ్రీలకు పైగా పెరగాలి! అంతదాకా రాకముందే చిప్ ఆగిపోతుంది, లేదా మాడిపోతుంది. వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ, పెద్దగా వేడి లేకుండా వోల్టేజీ దించే బక్ కన్వర్టర్ పెట్టడం మేలు. లెక్క హైస్కూలుదే, ఆ వేడి ఎటు పోతుందని ముందే అడగడం ఫిజిక్స్.

మార్పు వేగాన్ని లెక్కించే కాలిక్యులస్ కూడా ఊరికే పోదు. కరెంటు టక్కున ఆపితే రిలే (కరెంటుతో నడిచే స్విచ్) కాయిల్ వందల వోల్టులు ఎందుకు విసురుతుందో, దానికి అడ్డంగా డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఎందుకో అర్థమయ్యేది దానివల్లే. యాంటెన్నాల వైపు వెళ్తే మాత్రం విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను వివరించే మాక్స్‌వెల్ సమీకరణాలను తప్పించుకోలేరు.