అక్షరం నేర్పని టీచరు దగ్గరికి పంపడం దండగా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. నాలుగేళ్లప్పుడు ఆటిజం అన్నారు. మాటలు చాలా తక్కువ. ఊళ్లో బడికి వెళ్తాడు. వారానికి రెండు రోజులు మండల కేంద్రంలోని భవిత సెంటర్‌కి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) తీసుకెళ్తాను. ఈ జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి చెయ్యి కొరుక్కుంటున్నాడు, గేటు దగ్గరే కిందపడి దొర్లుతున్నాడు. భవితలో టీచరు ఏడాదిగా ఒక్క అక్షరం నేర్పలేదు. బొమ్మల కార్డులు, పూసలు గుచ్చడం, మూలన చాప మీద కూర్చోవడం, అంతే. మొన్నొకసారి నీళ్ల గ్లాసు బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టాడు, అది తప్ప మార్పేమీ లేదు. మా అత్తగారు "మా కాలంలో ఈ జబ్బులున్నాయా, నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు" అంటారు. కూలి పోగొట్టుకుని తిరుగుతున్నాను. మాన్పించెయ్యనా?

జవాబు: మాన్పించకండమ్మా. "అది తప్ప" అని మీరు తీసిపారేసిన నీళ్ల గ్లాసు బొమ్మ దగ్గరే నేను ఆగిపోయాను. దాహమైతే ఏడవకుండా, ఎవరినీ లాగకుండా, తనకేం కావాలో మీకు చెప్పాడు. మాట రాని పిల్లాడికి అది మాటే. ఏడాదిగా ఆ టీచరు నేర్పుతున్నది అదే.

లోపలి బాధ చెప్పుకునే దారి లేనప్పుడు అది చెయ్యి కొరుక్కోవడంగానో, దొర్లడంగానో బయటికొస్తుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు మనం పట్టించుకోని చప్పుళ్లు కూడా భరించరానివిగా ఉంటాయి. ప్రార్థన గంట, మధ్యాహ్న భోజనం దగ్గర పళ్లాల మోత, వందమంది ఒకేసారి చేసే గోల. పైగా జూన్ అంటే గది మారుతుంది, టీచరు మారతారు, పక్కన కూర్చునేవాడూ మారతాడు. అందుకే మంచి స్పెషల్ టీచరు ముందు అల్లరి మాన్పించే పని పెట్టుకోరు. దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం అని రోజూ రాసి పెట్టుకుంటారు. పది రోజుల రాతలు పక్కపక్కన పెడితే కారణం చాలాసార్లు దొరికిపోతుంది. దొర్లిన ప్రతిసారీ ఇంటికి తీసుకొచ్చేస్తుంటే, దొర్లితే ఇంటికెళ్లొచ్చని వాడికి అర్థమవుతుంది. అందుకని దొర్లడానికి బదులు "ఇక చాలు" అనే కార్డు ఇవ్వడం నేర్పుతారు. ఏడుపు ముఖం, కోపం ముఖం బొమ్మలు కూడా అందుకే. పూసలు చేతివేళ్ల కోసమే అనుకోకండి. మొదలుపెట్టిన పని పూర్తి చేసి "నేను చేశాను" అని చూపించుకునే సంతోషం ఆ పిల్లలకు మనం ఇచ్చేది బహు తక్కువ.

చాప సంగతి మాత్రం అడిగి తేల్చుకోండి. మనసు చికాకైనప్పుడు వాడంతట వాడు వెళ్లి కూర్చుంటున్నాడా, లేక బలవంతంగా కూర్చోబెడుతున్నారా? మొదటిది ఊరట, రెండోది శిక్ష. అక్షరాల గురించీ మొహమాటపడకుండా అడగండి, అది మీ హక్కు. వచ్చే మూడు నెలల్లో బాబుకు ఏమేం నేర్పుతారో కాగితం మీద రాసిమ్మనండి. ప్రతి పిల్లాడికీ విడిగా ప్రణాళిక వేసుకోవడం వాళ్ల పనిలో భాగమే.

ఇంతకన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి. కొత్తగా కొరుక్కోవడం మొదలైందంటున్నారు కాబట్టి పన్ను నొప్పా, చెవి పోటా, మలబద్ధకమా డాక్టరుకు చూపించండి. స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమో గమనించండి. ఎవరైనా ఏడిపిస్తున్నా, కొడుతున్నా వాడు చెప్పలేడు. నిద్ర, తిండి తగ్గినా, గాయాలు పెరుగుతున్నా జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. టీచరు ఎంత మంచివారైనా వైద్యం చెయ్యలేరు కదా.

బడి హెడ్‌మాస్టరుతో మాట్లాడి, ప్రార్థన అయ్యాక పది నిమిషాలకు గోల తగ్గినప్పుడు లోపలికి పంపిస్తానని అడగండి. భవిత టీచరును కూడా ఆయనతో మాట్లాడమనండి, ఆవిడ చెబితే వింటారు. సెంటర్లో వాడే కార్డులే ఇంట్లోనూ ఉండాలి. అక్కడొకటి, ఇక్కడొకటి అయితే వాడు రెండు భాషలు నేర్చుకోవాల్సి వస్తుంది.

అత్తగారిది తప్పని గట్టిగా వాదించకండి. ఆవిడ కాలంలో నిజంగానే ఈ పేర్లు వినిపించేవి కావు. 1995 నాటి వికలాంగుల చట్టంలో వైకల్యాలు 7 రకాలే, ఆటిజం ఆ జాబితాలోనే లేదు. 2016 చట్టం వాటిని 21 చేసి ఆటిజాన్నీ చేర్చింది. పిల్లలు మాత్రం అప్పుడూ ఉన్నారు, "వెర్రివాడు" అని ఊరంతా పిలిచేది. కొడితే భయం కొద్దీ కాసేపు ఊరుకుంటాడేమో గానీ, ఆ గ్లాసు బొమ్మ తెచ్చిచ్చే ధైర్యం పోతుంది.

మీకే గుండె బరువెక్కితే 14416కు ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఈసారి భవితకు అత్తగారినీ తీసుకెళ్లండి. ఆవిడ చేతికీ ఒక నీళ్ల గ్లాసు అందించి, వాడికి కాస్త దూరంలో కూర్చోబెట్టి చూడండి.