కర్త ఎవరమ్మా?

అమ్మాయీ,

పొగాకు మొజాయిక్ వైరస్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. పొగాకు నారు ముట్టుకునే ముందు మీ అమ్మ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటుందని రాసిన చోట కాసేపు ఆగిపోయాను. బాగుంది. తర్వాతి పేజీలోనే ‘రాక్షస వైరస్ తన జన్యువులన్నిటినీ ఒక్కసారిగా ఆన్ చేసి మొక్కను కబళిస్తుంది’ అన్నావు. ఒళ్లు మండింది.

సైన్సు రాసేటప్పుడు వాక్యంలో కర్త ఎవరో చూసుకోవాలి. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను. పొగాకు మొజాయిక్ వైరస్ అంటే దాదాపు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు (ప్రోటీన్లు ఎలా తయారుచేయాలో రాసి ఉన్న అణువు), దాని చుట్టూ ప్రోటీన్ తొడుగు. అంతే. 1956లో జర్మనీలో గీరర్, ష్రామ్ అనే శాస్త్రవేత్తలు తొడుగు ఒలిచేసిన ఉత్త ఆర్‌ఎన్‌ఏని ఆకుకి రుద్దితే తెగులు వచ్చేసింది. ఎందుకంటే దాన్ని చదివేది మొక్క కణంలోని రైబోజోమ్, అంటే ఆర్‌ఎన్‌ఏని చదివి ప్రోటీన్ తయారుచేసే యంత్రం.

అది మొదటి కొస నుంచి చదువుకుంటూ పోతుంది. దారిలో యూఏజీ అనే మూడక్షరాల ఆపు గుర్తు ఉంది. చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఇరవైలో ఒకటి రెండుసార్లు మాత్రం దాటిపోతుంది. ఆర్‌ఎన్‌ఏకి నకళ్లు తీసే ఎంజైమ్ భాగం ఆ దాటిన తర్వాతే ఉంది. అందుకే అది కొద్దిగానే తయారవుతుంది.

పక్క కణంలోకి దారి చేసే ప్రోటీన్, తొడుగు ప్రోటీన్ చివర్లో ఉన్నాయి. రైబోజోమ్ అంత దూరం రాదు. ఆ చివరి భాగాలకు విడిగా పొట్టి ఆర్‌ఎన్‌ఏలు తయారైతేనే వాటి మొదలు దానికి దొరుకుతుంది. దారి చేసేది ముందుగా, కొంచెమే. తొడుగు తర్వాత, కుప్పలుగా. ఇందులో ‘ఒక్కసారిగా’ ఎక్కడుందమ్మా?

నా తొలి వ్యాసంలో సరిగ్గా ఈ భాగాన్నే ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేశాడు. ‘పాఠకులకి ఎక్కదు’ అన్నాడు. దాని స్థానంలో కోరలున్న వైరస్ బొమ్మ వేశాడు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. అచ్చయిన వారానికి ఒక పొగాకు రైతు దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది: ‘అంత చిన్న పోగులో ఇన్ని పనులు ఎట్లా పట్టాయండీ?’ ఆయన అడిగిందానికి జవాబు ఆ కొట్టేసిన పేరాలోనే ఉంది. రాత్రి కూర్చుని మొత్తం చేత్తో రాసి పంపాను.

వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్‌ని ఇందులో కలపకు. దాని ఆర్‌ఎన్‌ఏని నేరుగా చదవడం రైబోజోమ్ వల్ల కాదు, అది వేరే వ్యాసం.

రాక్షసుణ్ణి తీసేసి ఆ పేజీ మళ్లీ రాసి పంపు. అమ్మ చేతులు కడుక్కునే చోట మాత్రం ఒక్క మాట కూడా మార్చకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు