తిరుపతి నుంచి చెన్నైకి రెండు రోజులు: బీచూ, బట్టల షాపులూ కాకుండా ఏం చూడొచ్చు?

తిరుపతి నుంచి అత్తగారితో, ఏడో తరగతి చదివే బాబుతో రెండు రోజులు చెన్నై వెళ్తున్నామని, మెరీనా, టీనగర్ కాకుండా మ్యూజియంలూ కళలకు సంబంధించినవీ ఏవి చూడొచ్చో చెప్పమని అడిగారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులని కూడా రాశారు.

ముందుగా, శుక్రవారం వెళ్ళకండి. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి శుక్రవారం సెలవు. సెయింట్ జార్జి కోటలో ఉన్న మ్యూజియానికీ అంతే. ఈ సంగతి నాకు మూసిన గేటు ముందు నిలబడ్డాకే తెలిసింది. మా పాప చెయ్యి పట్టుకుని, సంచిలో పులిహోర డబ్బా పెట్టుకుని, పాంథియన్ రోడ్డులో పేవ్‌మెంటు మీదే తినేసి బట్టల షాపుకి పోయాం. మనోళ్ళు చెన్నైకి పోయేది ఎటూ మూడు పనులకే కదా: ఆస్పత్రి, పెళ్ళి చీరలు, ఏర్పోర్టు.

రెండోసారి మంగళవారం పోయాం, ఈసారి మా అమ్మ కూడా వచ్చింది. మా నాయన ఉన్నప్పుడు ఈ మ్యూజియాన్ని 'సెత్త కాలేజీ' అనేవాడు. నేనేమో అది చెత్త కాలేజీ అనుకుని, అక్కడికి ఎందుకు పోతారబ్బా అనుకునేదాన్ని. తమిళంలో సెత్త అంటే చచ్చిన అని అర్థం. 1855లో ఈ మ్యూజియం ఆవరణలోనే జంతు ప్రదర్శనశాల కూడా మొదలైంది. బతికిన జంతువులుండేది ఉయిర్ కాలేజీ, లోపల దూది కూరి నిలబెట్టినవి ఉండేది సెత్త కాలేజీ. మీ బాబుకి ఈ పేరు చెప్పి తీసుకుపోండి, హుషారుగా నడుస్తాడు.

మ్యూజియం 1851లో పెట్టింది. చాలా పెద్దది, విడివిడి భవనాలు. అన్నీ చూడాలని పట్టు పట్టకండి. ఏదో ఒక హాలు మరమ్మతులని మూసి ఉండటం మామూలే. నా మాట వింటే రెండే చూడండి, ఒకటి అమరావతి రాళ్ళు, రెండు పంచలోహ విగ్రహాలు. ఈ రెంటికీ మూడు గంటలు ఇవ్వండి.

అమరావతి స్తూపాన్ని 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేనాటికే జమీందారు మనుషులు ఇళ్ళ కోసం రాళ్ళు తవ్వుకుపోతున్నారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి కొన్నిటిని మద్రాసుకు తెప్పించాడు. వాటిలో చాలావరకు తర్వాత ఓడెక్కి లండన్ చేరాయి. ఇప్పటికీ అక్కడి బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. మనకి మిగిలినవాటిలో పెద్ద భాగం ఎగ్మూరులో ఉంది. పల్నాటి సున్నపురాయి, దంతంలా తెల్లగా, కాస్త ఆకుపచ్చ జీరతో ఉంటుంది. అందులో గుండ్రటి ఫలకం ఒకటి వెతకండి, నలగిరి అనే మదపుటేనుగుది. రెండో శతాబ్దం నాటిది. ఎడమవైపు ఏనుగు వీధిలో జనం మీద పడి వస్తోంది, ఒకామె బెదిరి పక్కవాణ్ణి పట్టుకుంది, మేడ కిటికీల్లోంచి తలలు తొంగి చూస్తున్నాయి. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే చక్రంలో రెండు ఘట్టాలు. మా పాప మొదట రెండు ఏనుగులనుకుంది. ఒకటేనని చెప్పేసరికి ఆ రాయి ముందు నుంచి కదల్లేదు. కిటికీలోంచి చూసేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి వచ్చింది.

ఇక పంచలోహాల హాలు. ఇక్కడే మా అమ్మ అన్న మాట చెప్పాలి. గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విప్పబోయింది, నేను ఆపాను. లోపలికొచ్చి నటరాజు ముందు నిలబడి, కాసేపటికి మెల్లగా, "అలంకారం లేకుండా స్వామిని నేనెప్పుడూ చూడలేదే" అంది. నిజమే. తిరుపతి మనుషులం, ఊరేగింపులో ఉత్సవమూర్తుల్ని వందసార్లు చూసుంటాం. కానీ పట్టు బట్టలు, పూలదండల మధ్య ముఖమూ చేతులూ తప్ప మనకేం కనిపిస్తుంది? ఇక్కడ మోకాలి చిప్ప, నడుముకి కట్టిన గుడ్డ ముడి, ఎత్తిన పాదం వేళ్ళు, అన్నీ కనిపిస్తాయి. వెనక్కి పోయి వీపు కూడా చూడొచ్చు. గుళ్ళో పూజారి తప్ప ఎవరూ చూడని వైపు అది.

ఆ నటరాజు తిరువాలంగాడు అనే ఊరిది. చుట్టూ అగ్నివలయం లేదు, విరబోసుకున్న జడలూ లేవు, అందుకే ఒళ్ళంతా విప్పారి కనిపిస్తుంది. ఫ్రెంచి శిల్పి రోడాన్ దీన్ని ఫొటోల్లో చూసే వ్యాసం రాశాడు. ఈ విగ్రహాలను ముందు మైనంతో చేసి, పైన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. ఆరాక మట్టి పగలగొట్టాలి కాబట్టి అదే అచ్చుతో రెండోది రాదు. బాబుకి ఇది చెప్పండి. పక్కనే తిరువెంగాడు అర్ధనారీశ్వరుడూ ఉంటాడు, అతణ్ణి కూడా వెనక నుంచి చూడండి. ఒక భుజం నుంచి ఇంకో భుజానికి వచ్చేసరికి మగతనం ఎక్కడ ఆగిందో, ఆడతనం ఎక్కడ మొదలైందో పట్టుకోలేరు.

పొద్దున గరుడాద్రి ఎక్స్‌ప్రెస్‌లో పోతే అరక్కోణం దాటాక తిరువాలంగాడు స్టేషను వస్తుంది. బండి ఆగదు. శివుడు నాట్యం చేసిన ఐదు సభల్లో ఆ ఊరి గుడి ఒకటి. మ్యూజియంలో చూడబోయే స్వామి ఊరు ఇదేనని అత్తగారికి కిటికీలోంచి చూపించండి. సెంట్రల్‌లో దిగితే మెట్రోలో ఎగ్మూరు తర్వాతి స్టేషనే.

సాయంత్రం ఓపికుంటే సెయింట్ జార్జి కోట. 1947 ఆగస్టు 15న ఆ కోట మీద ఎగరేసిన జెండా లోపల మ్యూజియంలో ఉంది. ఆ ఇసుకనేలను 1639లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చింది దామెర్ల నాయకులు, చంద్రగిరి రాజుల కింది పాలకులు. ఆ నాయకుల తండ్రి దామెర్ల చెన్నప్ప పేరు మీదే ఊరికి చెన్నపట్నమనే పేరు వచ్చిందంటారు. మన చంద్రగిరి రాజమహల్ మీ బాబు చూసుంటే ఈ కోట కథ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. సచివాలయం కూడా అక్కడే కాబట్టి గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. అత్తగారు అలిసిపోతే ఇది మానేసినా నష్టం లేదు.

రెండో రోజు ఈసీఆర్, అంటే సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు. తిరువాన్మియూరులో కళాక్షేత్రం వస్తుంది, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి 1936లో పెట్టిన నాట్య, సంగీత సంస్థ. అది నడుస్తున్న బడి, ముందే ఫోన్ చేసి అడిగి వెళ్ళాలి. ఇంజంబాక్కంలో చోళమండలం ఉంది. 1966లో చిత్రకారులు కలిసి కట్టుకున్న పల్లె, బొమ్మలు చూడటానికి గంట చాలు. అసలు పోవలసింది ముట్టుకాడులోని దక్షిణచిత్ర. మంగళవారం దానికి సెలవు. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను ఊళ్ళలో విప్పి, తెచ్చి, మళ్ళీ నిలబెట్టారు. మన తెలుగు ఇళ్ళలో నాకు గుర్తుండిపోయింది హరిపురం చుట్టిల్లు. గుండ్రటి మట్టి గోడ, నేల దాకా వంగిన కప్పు. సముద్రపు గాలికి మూల అంటూ దొరకదు, అందుకే తుపానుకు నిలుస్తుందట. మా అమ్మ లోపలికి వంగి వెళ్ళి, కప్పు కింద గడ్డి తడిమి, "మన ఊళ్ళో బోదకొట్టం వాసనే" అంది. పిల్లలకు కుమ్మరి చక్రం మీద చెయ్యి పెట్టనిస్తారు. బాబుకి ఒక జత పాత బట్టలు పట్టుకెళ్ళండి.

డిసెంబరులో వెళ్తుంటే మాత్రం ఒక సాయంత్రం ఏదో ఒక సభకు, అంటే సంగీత కచేరీలు జరిపే హాలుకు, పోండి. అరవ సభలో, అరవ రసికుల మధ్య, పాడే కీర్తనల్లో ఎన్ని మన తెలుగువో విని తీరాలి. మధ్యాహ్నం కచేరీలు చాలాచోట్ల ఉచితం. క్యాంటీన్ ఇడ్లీకి పోయే జనం కచేరీకి వచ్చినవాళ్ళ కంటే ఎక్కువుంటారు, తొందరగా వెళ్ళండి.

మోకాళ్ళ సంగతికొస్తే, మ్యూజియంలో హాలుకీ హాలుకీ మధ్య ఎండలో నడవాలి, మెట్లూ ఉన్నాయి, గొడుగు మరవకండి. దక్షిణచిత్రలో నడక ఇంకా ఎక్కువే గానీ ప్రతి ఇంటికీ అరుగు ఉంది. మా అమ్మ తమిళ ఇంటి అరుగు మీద గంటసేపు కూర్చుండిపోయింది. అక్కడ పూలు కట్టే ఆవిడతో ఈమె తెలుగులో, ఆవిడ అరవంలో మాట్లాడుకుంటూనే ఉన్నారు.