వెన్నెముకా, వెన్నుపూసా, వెన్నుపామా?

సందేహం: ఒక ఆరోగ్య పుస్తకానికి ప్రూఫులు దిద్దుతున్నాను. ‘వెన్నుముక’, ‘వెన్నుపూస’, ‘వెన్నుపాము’, ‘కశేరుక’ అని నాలుగు మాటలు కలగాపులగంగా వాడారు. ‘నడుములోని నాలుగు, ఐదు వెన్నుముకలు అరిగి వెన్నుపాము నొక్కుకుపోయింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇవన్నీ ఒకటేనా? ఏది ఎక్కడ వాడాలి?

సమాధానం: ముందు సులువైనది తేల్చేద్దాం. ‘వెన్నుముక’ తప్పు. వెన్ను + ఎముక కలిసినప్పుడు వెన్ను చివరి ఉకారం పోతుంది, ఎముకలోని ఎకారం నిలుస్తుంది. కాబట్టి వెన్నెముక. ముక్కు + ఎముక ముక్కెముక అయినట్టే. ‘ముక్కుముక’ అని ఎవరూ అనరు కదా!

వెన్ను అంటే వీపు. వెన్ను తట్టినా, వెన్ను చూపినా, వెన్నుపోటు పొడిచినా అందులో ఎముక ప్రసక్తి లేదు. ఎముక సంగతి చెప్పాలంటే ఆ మాట తగిలించాల్సిందే. అయితే పేరులో ‘ఎముక’ అని ఒక్కటే ఉన్నా, అది ఒక్క ఎముక కాదు, ఎముకల వరస. ఆ వరసలో ఒక్కొక్కటీ వెన్నుపూస. జట్టుకు అతనే వెన్నెముక అంటాం గానీ వెన్నుపూస అనం. మొత్తానికీ ముక్కకీ తేడా మన నాలుకకు తెలుసు, కలం పట్టుకున్నప్పుడే మరిచిపోతున్నాం.

పూసలు మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. ఆ కింద త్రికంలో (పిరుదుల మధ్య ఎముక) 5, కొసన అనుత్రికంలో (తోక ఎముక) సాధారణంగా 4. చిన్నతనంలో విడివిడిగా ఉండే త్రికం పూసలు పెద్దయ్యాక ఒకే ఎముకగా అతుక్కుపోతాయి, కొసవి కూడా అంతే. అందుకే మీ పుస్తకంలో ఒకచోట 33, ఇంకోచోట 26 కనిపిస్తే ఏదో ఒకటి తప్పని కొట్టేయకండి. విడిగా లెక్కపెడితే 33, అతుక్కున్నవాటిని ఒక్కోటిగా లెక్కిస్తే 26.

మెడ బాగా ముందుకు వంచి, మెడ కింద వెనకవైపు వేలితో తడమండి. గట్టిగా ఒక బుడిపె తగులుతుంది. చాలామందిలో అది ఏడో మెడపూస. నిజానికి చేతికి తగిలేది పూస అంతా కాదు, దాని వెనక పొడుచుకొచ్చిన ముల్లు మాత్రమే. పూస దిమ్మ లోపలే ఉంటుంది. ఆ దిమ్మకూ ముల్లుకూ నడుమ ఒక రంధ్రం. అందుకే ‘పూస’ అన్న పేరు ఇంత చక్కగా అమరింది. రంధ్రాలన్నీ ఒకదానికింద ఒకటి చేరి గొట్టంలా అవుతాయి. అందులోంచి దిగే నాడీతాడే వెన్నుపాము. దండతో పోలిక మాత్రం ఇక్కడితో ఆపాలి. దండలో పూసల్ని పట్టి ఉంచేది దారం. ఇక్కడ పూసల్ని పట్టి ఉంచేవి బంధకాలు, కండరాలు. వెన్నుపాము పని కబుర్లు మోయడమే.

‘కశేరుక’ శాస్త్ర గ్రంథాల మాట, వెన్నుపూసకు సాటి. అమరకోశం మాత్రం వీపు ఎముకనే కశేరుక అంది. ఆధునిక శాస్త్ర పరిభాషలో అది ఒక్క పూసకు పరిమితమైంది. మామూలు పాఠకుల కోసం రాసే పుస్తకమైతే నా ఓటు వెన్నుపూసకే. గ్రీవ కశేరుక అనేకంటే మెడపూస అంటే ఎవరికి అర్థం కాదు?

ఇక మీరు ఆగిపోయిన వాక్యం. అక్కడ ఆగడం మంచిదైంది, ఎందుకంటే అందులో భాష తప్పు చాటున విషయం తప్పు కూడా ఉంది. వెన్నుపాము వెన్నెముక కొస దాకా రాదు. పెద్దవాళ్లలో అది నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నాడుల కుచ్చు వేలాడుతుంది. దానికి లాటిన్‌లో గుర్రపు తోక అని పేరు. మన పాముకు వాళ్ల గుర్రపు తోక! నడుములో సూది గుచ్చి నీరు తీసేటప్పుడు డాక్టర్లు మూడు, నాలుగు పూసల మధ్యో, నాలుగు, ఐదు పూసల మధ్యో ఎంచుకునేది అందుకే. అక్కడ గుచ్చుకోవడానికి వెన్నుపాము ఉండదు. కాబట్టి ‘వెన్నుపాములోంచి నీరు తీశారు’ అన్నా తప్పే. ‘వెన్నులోంచి నీరు తీశారు’ అని జనం అనేదే సరైనది.

నాలుగో, ఐదో నడుము పూసల దగ్గర నొక్కుకునేవి నాడులు. వాడుకలో నరాలు అంటాం, అలాగే ఉంచినా ఇబ్బంది లేదు. తరచుగా వాటిని నొక్కేది పూసల మధ్య ఉండే డిస్క్. ‘డిస్క్ జారింది’ అంటారు గానీ అది బిళ్లలా జారిపోదు, లోపలి మెత్తని గుజ్జు బయటికి ఉబుకుతుంది. ఒకదాని మీద ఒకటి ముందుకు జారే జబ్బు పూసలకే ఉంది.

మీ వాక్యాన్ని ఇలా దిద్దండి: ‘నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసలు అరిగి, అక్కడి నరం నొక్కుకుపోయింది.’