ప్రమాదం జరిగిన రెండు రోజులకు మొదలైన తలనొప్పి గురించి

కారు ప్రమాదంలో మీ నాన్నగారి తలకు దెబ్బ తగిలినా పైకి గాయం కనిపించలేదని, రెండు రోజుల తర్వాత తలనొప్పి, వాంతులు, మగత మొదలయ్యాయని రాశారు. దయచేసి రేపటి వరకు ఆగకుండా ఇప్పుడే అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి. వాహనం ఒక్కసారిగా ఆగినప్పుడు మెదడు పుర్రె లోపల కుదుపుకు లోనై, దాని పైపొరల దగ్గరి సన్నని సిరలు తెగి, రక్తం నెమ్మదిగా చేరుతూ గంటల తర్వాతో, రోజుల తర్వాతో, పెద్దవయసువారిలో వారాల తర్వాతో కూడా మెదడును నొక్కవచ్చు, సాధారణంగా సి.టి. స్కాన్‌లో ఇది తెలుస్తుంది. ఆయన రక్తాన్ని పలుచన చేసే మందులు వాడుతుంటే వైద్యులకు ముందే చెప్పండి. నొప్పికి ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకండి. సీటు బెల్టు ఒత్తుకున్న చోట కడుపు కమిలిందని కూడా అన్నారు. నా దృష్టిలో అదీ చిన్న విషయం కాదు, ఎందుకంటే పేగులకు తగిలిన గాయం మొదట్లో బయటపడకపోవచ్చు. దాన్ని కూడా తప్పక చూపించండి.