సెర్బియాలో కంపోజర్‌కి ఇల్లెలా గడుస్తుంది? పక్క సీటు టీచరమ్మ చెప్పిన లెక్క

"మా అమ్మాయి వెస్టర్న్ క్లాసికల్ కంపోజిషన్ చదువుతానంటోంది. సెర్బియా లాంటి చిన్న దేశంలో ఆ పని చేసేవాళ్లు ఎలా బతుకుతారు? అందరూ బయటికి పోవాల్సిందేనా?" అని అడిగారు.

నేను విద్వాంసుణ్ణి కాదు. విజయవాడలో నాలుగేళ్లు మృదంగం నేర్చుకుని, ఇంటర్‌లో చేరగానే అటకెక్కించినవాణ్ణి. ఆఫీసువాళ్లు ఆర్నెల్లని చెప్పి బెల్‌గ్రేడ్ పంపి రెండేళ్లు ఉంచేశారు. (చలికోటుకి డబ్బులిస్తామన్నారు, ఇంకా ఇస్తూనే ఉన్నారు. పోనీండి.) సాయంత్రాలు ఏం తోచక కచేరీలకి తిరిగేవాణ్ణి.

2018 చలికాలం. కొలారాత్స్ హాల్లో ఇసిడోరా జెబెల్యాన్ అనే ఆవిడ రచన ఒకటి వాయిస్తున్నారు. మొదట్లో తలా తోకా దొరకలేదు. ఒకచోట మాత్రం హఠాత్తుగా నడక చిక్కింది. తకిట తకధిమి, తకిట తకధిమి. మన మిశ్రచాపు, ఏడక్షరాల తాళం! నా చెయ్యి నాకు తెలియకుండానే తొడ మీద పడింది. అక్కడ జనం దగ్గాలన్నా ఒక భాగం అయిపోయేదాకా ఆపుకుంటారు, నేనేమో తొడ వాయిస్తున్నాను. పక్క సీట్లో పెద్దావిడ నా చేతిని చూసింది, తర్వాత నా మొహం చూసింది. సిగ్గేసి చెయ్యి కోటు జేబులో దాచుకున్నాను.

ఇంటర్వెల్లో ఆవిడే పలకరించింది. "ఏడు లెక్కపెట్టడం నీకెవరు నేర్పారు?" అని. మా మాస్టారు అన్నాను. మ్యూజిక్ స్కూల్లో చెప్పి రిటైరైన టీచరట. తమ దక్షిణాది పాటల్లో కూడా ఏడు మామూలేనని, మూడూ రెండూ రెండని ప్రోగ్రాం కాగితం మీద వేలితో కొట్టి చూపించింది. అప్పుడు నేను మీ ప్రశ్నే అడిగాను: ఈవిడకి ఇల్లెలా గడుస్తుందమ్మా?

ఆవిడ వేళ్లు మడిచింది. ఒకటి, ఫ్యాకల్టీ ఆఫ్ మ్యూజిక్‌లో పాఠాలు. రెండు, నాటకాలకి సంగీతం. మూడు, సినిమాలు. బాల్కన్ దేశాల్లో పేరున్న సంగీతకారుడు గొరాన్ బ్రెగోవిచ్ సినిమా సంగీతానికి ఆర్కెస్ట్రేషన్, అంటే ఏ వాద్యం ఏం వాయించాలో పంచి రాసే పని, చేసిందీ జెబెల్యానే. నాలుగో వేలు దగ్గర నవ్వి, "మిగతాది బయటివాళ్లు ఇస్తారు" అంది.

అది నిజమే. జెబెల్యాన్ 1967లో బెల్‌గ్రేడ్‌లో పుట్టి అక్కడే ఉండిపోయిన మనిషి. కానీ పేరు తెచ్చిన ఒపెరా (మాటలకి బదులు పాటతో నడిచే నాటకం) 'జోరా డి.' రాయించింది లండన్‌లోని జెనెసిస్ ఫౌండేషన్, మొదట ఆడింది 2003లో ఆమ్‌స్టర్‌డామ్‌లో. తర్వాతి ఒపెరా 2008లో ఆస్ట్రియాలోని బ్రెగెంజ్ ఉత్సవంలో. ఊళ్లోనే ఉన్నా పని పరాయి ఊరి నుంచే వచ్చింది. 2020లో, యాభై మూడేళ్లకే పోయింది.

వెళ్లిపోయినవాళ్ల సంగతి తిరగేసి చూడండి. 1990లలో యుద్ధాలు, ఆంక్షలు. ధరలు ఆకాశానికంటి, 1993లో యాభై వేల కోట్ల దినార్ల నోటు అచ్చేశారు, దాని మీద బొమ్మ ఒక కవిది! కాలెమెగ్దాన్ కోట దగ్గర టూరిస్టులకి అమ్ముతుంటే నేనూ ఒకటి కొన్నాను. అలాంటి రోజుల్లో ఎవరుంటారు? అనా సొకోలోవిచ్ అనే కంపోజర్ కెనడాలోని మాంట్రియల్ వెళ్లింది. వెళ్లి రాసిందేమిటి? 'స్వాద్‌బా', అంటే పెళ్లి. పెళ్లికి ముందురోజు రాత్రి పెళ్లికూతురు, ఆమె స్నేహితురాళ్లు. ఆరు ఆడగొంతులు, ఆర్కెస్ట్రా లేదు, పాడేదంతా సెర్బియన్‌లో. 2011లో టొరంటోలో మొదటి ప్రదర్శన.

సెర్బియాలోనే నోవిసాద్ అనే ఊరి అమ్మాయి అలెగ్జాండ్రా వ్రెబాలోవ్ అమెరికా వెళ్లింది, అక్కడి క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురి తీగవాద్యాల బృందానికి ఏళ్ల తరబడి రాస్తోంది. అయినా ఐన్‌స్టీన్ మొదటి భార్య మిలేవా మీద ఒపెరా రాసి 2011లో సొంతూరి థియేటర్లోనే ఆడించింది. 2024లో అమెరికాలో కొత్త రచనలకిచ్చే గ్రావెమేయర్ అవార్డు వచ్చింది, లక్ష డాలర్లు. ఆ తర్వాతి తరంలో మార్కో నికొదియెవిచ్, మిలిత్సా జోర్జెవిచ్ ఇద్దరూ జర్మనీ చేరారు. ఇద్దరికీ సీమెన్స్ ఫౌండేషన్ కంపోజర్ బహుమతులొచ్చాయి, 2013లో ఒకరికి, 2016లో ఒకరికి.

అంచేత ఉండటమా, పోవటమా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్నే కాదు. రాయమని అడిగేవాడు ఎక్కడున్నాడన్నదే లెక్క. మన దగ్గర ఆ అడిగేవాడు సినిమా నిర్మాత ఒక్కడే. సభలవాళ్లు అడగరు. శాలువా కప్పి, గంటసేపు వక్తల పరిచయాలు చేసి, పాడేవాళ్లకి ఇరవై నిమిషాలు వదుల్తారు. కొత్త రచన కావాలని డబ్బిచ్చి రాయించిన సభ నాకు ఒక్కటీ తగల్లేదు. ఉంటే చెప్పండి, చెంపలేసుకుంటాను.

మీ అమ్మాయికి పాఠాలు చెప్పే అర్హత ఒకటి చేతిలో ఉంచుకోమనండి, అక్కడ ఉన్నవాళ్లూ బయటికి వెళ్లినవాళ్లూ చాలామంది చేసింది అదే. నాటకంవాళ్లతో స్నేహం చెయ్యమనండి. వినడం మాత్రం 'స్వాద్‌బా'తో మొదలుపెట్టమనండి. భాష అర్థం కాకపోయినా పెళ్లింటి సందడి తెలిసిపోతుంది.

ఇంతకీ ఆ రోజు రెండో సగంలో నా చెయ్యి బుద్ధిగా జేబులోనే ఉంది. కాసేపటికి టీచరమ్మ మోచేత్తో పొడిచింది. చూస్తే, ఆవిడ తన హ్యాండ్‌బ్యాగు మీద తాళం వేస్తోంది.