ఫెవికాల్‌తో అంటించిన ఫొటో పేజీలు వంకర్లు పోతుంటే

అక్కా, చార్ట్ పేపర్ మీద ఫొటోలు అంటించి చేసిన మీ ఆల్బమ్‌లో పేజీలు వంగిపోయాయని, పెళ్లి ఫొటో మీద జెల్ పెన్ను రాత అలుక్కుపోయిందని, ఇదంతా కడప ఎండల వల్లేనా అని అడిగారు. రెండూ ఎండల వల్ల కాదు. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. పల్చటి చార్ట్ పేపర్ అది పీల్చుకుని ఉబ్బి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది.

అంటిన ఫొటోను దయచేసి పీకొద్దు, తడపొద్దు. ముందు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించండి. తర్వాత ఫొటో చుట్టూ చార్ట్ కత్తిరించి, ఆ ముక్కతో సహా కొత్త పేజీకి ఎక్కించండి. వెనక కాగితం మిగిలినా నష్టం లేదు, బొమ్మ పొర లేచిందంటే మళ్లీ రాదు.

కొత్త పేజీకి 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువుండే మందం) యాసిడ్ లేని కార్డు తీసుకోండి. జిగురు బదులు ఫొటో కార్నర్లు (ఫొటో నాలుగు మూలలూ దూర్చే చిన్న కాగితపు జేబులు) వాడితే ఫొటో ఎప్పుడైనా బయటికి తీయొచ్చు. సెల్లోటేప్ మాత్రం వద్దు, పసుపు మరక దిగుతుంది.

ఇక జెల్ పెన్ను సంగతి: నున్నటి ఫొటో మీద ఆ ఇంకు ఇంకదు, అందుకే అలుక్కుంది. రాత ఫొటో మీద కాదు, పక్కన విడి కార్డు మీద, పిగ్మెంట్ ఇంకు (సులువుగా వెలిసిపోని రంగుపొడి ఇంకు) పెన్నుతో రాయండి. "మధుర జ్ఞాపకం" అని రాస్తే మనవళ్లకేం తెలుస్తుంది? "దేవుని కడప గుడి ముందు, ఎడమ నుంచి పెద్దమ్మ, చిన్నాయన" అని, ఏడాదితో సహా రాయండి.

ఆల్బమ్ అటక మీద పెట్టకండి, అక్కడ వేడి ఎక్కువ.